గడపలో సీసం

ఆ కారు వచ్చిన రోజున మావారు షెడ్డు గేటు రెండు రెక్కలూ తెరిచారు. సొట్టలు పడ్డ సరుకుల వ్యాన్లకీ, బంపరు ఊడిన టాక్సీలకీ ఒక రెక్క తీస్తే చాలు. ఆ రోజు పొద్దున్నే లేచి నేల కడిగి, పాత టైర్లు గోడ వారకి దొర్లించి, ఉతికిన చొక్కా కూడా వేసుకున్నారు.

"మన పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదు మీరు" అన్నాను.

"పెళ్ళి నీతోనే కదా" అన్నారు.

ముదురాకుపచ్చ కారు. ముందుభాగం పొడుగ్గా సాగి, పైకప్పు వెనక్కి వాలి, అడుగున ఎక్కడా మూల అనేది లేకుండా ఉంది. ఇంజను ఆపాక కూడా కాసేపు లోపల ఏదో టిక్కుటిక్కుమంటూ చల్లారింది. దిగినాయన ఎముకల డాక్టరు. యాభై దాటి ఉంటారు. అవతలి తలుపు తీసుకుని వాళ్ళమ్మాయి దిగింది, ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆయన బుజ్జీ అని పిలిస్తే అందరి ముందూ ఆ పేరేంటన్నట్టు చూసింది. తలుపు వేసినప్పుడు చప్పుడు విన్నాను. దడాలుమనలేదు. బాగా అమరిన చెక్కపెట్టె మూత పడ్డట్టు, మెత్తగా, ఒక్కసారి.

"మా నాన్నగారి బండమ్మా" అన్నారు డాక్టరు, నేను టీ అందిస్తుంటే. "దీన్ని గ్రాండ్ టూరర్ అంటారు. పందేలకి చేసింది కాదు, ఊళ్ళో తిరగడానికీ చేసింది కాదు. ఇద్దరు మనుషులూ, రెండు పెట్టెలూ. పొద్దున సముద్రం ఒడ్డున ఎక్కితే సాయంత్రానికి కొండ మీద దిగాలి. దిగేటప్పుడు ఒళ్ళు నొప్పి ఉండకూడదు, చొక్కా నలగకూడదు. అంత వేగం, అంత నిమ్మళం. రెండూ ఒక్క బండిలో పెట్టారు మహానుభావులు."

"తాతయ్య మాత్రం అరవై దాటించలేదు" అంది బుజ్జి.

"నేను పెద్దయ్యాక ఎప్పుడు చూసినా దీన్ని పెళ్ళినడకే నడిపించారు" అని నవ్వారాయన. "వెనకాల సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టేవాళ్ళు. ఎందుకు నాన్నా అంటే నా బండి నా ఇష్టం అనేవారు. ఆయన పోయి ఏడాదయింది. ఒక్కసారైనా దీన్ని అది పుట్టిన పని చెయ్యనివ్వాలి కదమ్మా. ఇరవయ్యో తారీఖు పొద్దున నేనూ బుజ్జీ బయల్దేరుతున్నాం. తొమ్మిది వందల కిలోమీటర్లు. సగం దూరం ఇది నడుపుతుంది."

"మూడొంతులు. మాట మార్చకు నాన్నా."

ఆ ప్రయాణానికి రెండు రోజుల ముందు పాత కార్ల సంఘం నుంచి ఒకాయన పరీక్షకి వస్తాడు. కారు ఫ్యాక్టరీలో పుట్టిన ఒంటితోనే ఉందని తేలితే పత్రం ఇస్తారు. ఈలోగా మా పని దాన్ని శుభ్రం చేయడం. కొత్తది ఏదీ వెయ్యకూడదు, ఉన్నదాన్నే బతికించాలని షరతు. మావారికి ఈ పని దొరకడం వాళ్ళ నాన్న, మా మామయ్య పేరు వల్ల. డాక్టరు గారి నాన్నగారు ఎప్పుడూ ఈ షెడ్డు పేరే చెప్పేవారట.

మామయ్య అప్పటికి షెడ్డు వాకిట్లో కుర్చీకే పరిమితమై మూడేళ్ళయింది. ఆయన్ని అందరూ సీసం మేస్త్రి అంటారు. ఇప్పుడు సొట్టల్లో పూసే మెత్తటి పుట్టీ అప్పట్లో లేదు. రేకుని మంటతో వేడి చేసి, సీసం కడ్డీ కరిగించి, చెక్కబద్దతో వెన్నలా పూసి, చల్లారాక ఆకురాయితో అరగదీసేవాళ్ళు. నలభై ఏళ్ళు ఆ పొగ పీల్చారు, ఆ పొడి చేతులతోనే అన్నం తిన్నారు. ఇప్పుడు ఆ చేతులు మణికట్టు దగ్గర్నుంచి కిందికి వేలాడతాయి. వేళ్ళు లేవవు. సీసం నరాల్లోకి పోయిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. పొద్దున్నే మావారు ఆయనకి గడ్డం గీస్తారు, నేను బొత్తాలు పెట్టి అన్నం తినిపిస్తాను. ఎవరైనా పలకరిస్తే, "నమస్కారం పెట్టలేదని ఏమనుకోకు, నా చేతులు రాజీనామా ఇచ్చాయి" అంటారు.

ఆ రోజు మాత్రం ఎవరితోనూ ఏమీ అనలేదు. డాక్టరు గారు వెళ్ళాక, "అమ్మాయ్, కుర్చీ దగ్గరికి లాగు" అన్నారు. లాగాను. ముంజేయి ఎత్తి, పైకప్పుని మోసే వెనక స్తంభానికి ఆనించి, అలాగే కూచున్నారు. జ్వరం చూసినట్టుగా. తర్వాత కళ్ళు తుడవమన్నారు.

"దుమ్ము" అన్నారు.

కార్పెట్లూ, తోలు సీట్లూ నా వంతు. ఇంతకుముందు బయట కుట్టించిన రెండు బళ్ళకి కుట్టు వంకర పోయిందని మావారికి గొడవ. నేను వంకర కుట్టను. తీసిన ప్రతి ముక్కకీ చీటీ గుచ్చి, ఏది ఎక్కడిదో పుస్తకంలో రాసుకుని, గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, నీడలో ఆరేశాను. ఆ పదిహేను రోజులూ ఆ కారులో కూచున్నంతసేపు నేను ఏ ఇంట్లోనూ కూచోలేదనిపించింది. స్టీరింగు ముందుండే పలకకి వాడిన చెక్క ఒకే దుంగని నిలువునా చీల్చి తెరిచింది. ఎడమవైపు గీత ఎలా తిరిగిందో కుడివైపూ అలాగే తిరిగింది. నలభై ఎనిమిదేళ్ళకి కూడా ఎక్కడా పగుల్లేదు. సీటు తోలు మీద, డ్రైవరు ఎడమ మోకాలు ఆనే చోట, అరచేయంత మేర నున్నగా నలుపెక్కింది. ఒక మనిషి జీవితమంతా అక్కడ మోకాలు ఆనించాడు. కంటికి కనపడని చోట కూడా, చెక్కల వెనక, అడుగున, ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ప్రతి ముక్క వెనకాలా నీలం పెన్సిలుతో 417 అని రాసి ఉంది. ఏ కారు ముక్క ఆ కారుకే వెళ్ళాలని అప్పటి పనివాళ్ళు రాసుకున్న అంకె. ఏడు మధ్యలో చిన్న అడ్డగీత. ఆ మనిషి చేతిరాత నాకు అలవాటైపోయింది.

పదో రోజున, సామాను పెట్టుకునే చిన్న వెనక సీటు తీశాను. దాని అడుగు చెక్కకి ఉన్నిగుడ్డ అంటించి ఉంది. పురుగు తిన్న ఆ గుడ్డని ఆవిరి పట్టి ఒలిచాను. కింద నీలం పెన్సిలు. 389.

ముందు నేనే తప్పు చదివానేమో అనుకున్నాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. చేతిరాత కూడా వేరు. వెనక పక్కగోడల చెక్కలు తీసి చూశాను. అక్కడ ఎవరో చిత్రిక పట్టి, 417 అని కొత్తగా రాశారు. ఏడుకి అడ్డగీత లేదు.

మధ్యాహ్నం మామయ్యకి అన్నం కలిపి తినిపిస్తూ అడిగాను. "మామయ్యా, కారు ముందు సగంలో ఒక అంకె ఉంది, వెనక సీటు కింద ఇంకో అంకె ఉంది. ఎందుకలా?"

నోట్లో ముద్ద అలాగే ఆగిపోయింది. తర్వాత ఆయన మొహంలోకి ఒక నవ్వు వచ్చింది. మూడేళ్ళలో అలాంటి నవ్వు చూడలేదు.

"సీటు కిందా? ఉన్నిగుడ్డ కిందా? ఓరి నీ! డిక్కీ మూత మీద మార్చాను, పక్క చెక్కల మీద మార్చాను, రేకు మీద గుద్దిన అంకె కూడా మార్చాను. గుడ్డ పీకి చూడాలని తట్టనే లేదు."

అప్పుడు చెప్పారు. ముప్పై ఆరేళ్ళ కిందట రైలు గేటు దగ్గర ఆగి ఉన్న ఈ కారుని వెనకనుంచి లారీ గుద్దింది. డాక్టరు గారి నాన్నగారికి గీత కూడా పడలేదు గానీ, కారు వెనక సగం సీటు దాకా నుజ్జయింది. సరిగ్గా అదే రకం కారు, అదే ఏడాదిది, వంతెన గోడకి కొట్టుకుని పాత ఇనుము యార్డులో పడి ఉంది. దానికి ముందు సగం లేదు. అందులో ఉన్న భార్యాభర్తలు కూడా లేరు.

"వెనక సీటు మీద గొడుగు ఉందమ్మా. మడత కూడా నలగలేదు" అన్నారు. "ఆ సగం, ఈ సగం. తలుపుల కింద అడ్డంగా కోశాను, పైన స్తంభాల్లో కోశాను. డెబ్బై రోజులు పట్టింది. డాక్టరు గారి నాన్న వచ్చి కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. అతుకెక్కడ మేస్త్రీ అన్నాడు. మీరే పట్టుకోండి అన్నాను. గోటితో గీకి చూశాడు, అద్దం పెట్టి చూశాడు. పట్టుకోలేక కూలబడి ఏడ్చాడు. అటువంటి పని నేను మళ్ళీ చెయ్యలేదు. ఇంకెవడూ చెయ్యలేదు."

"గట్టిదేనా మామయ్యా?"

నవ్వు ఆగిపోయింది. గ్లాసు నోటికి ఆనిస్తే నీళ్ళు తాగారు.

"మామయ్యా, బుజ్జి నడుపుతుందట. తొమ్మిది వందల కిలోమీటర్లు."

"ఈ కారుకి కింద విడిగా ఇనప చట్రం ఉండదు" అన్నారు చివరికి, నా వంక చూడకుండా. "రేకే దాని ఎముక. తలుపు కింద గడపలా పొడుగ్గా పెట్టె ఉంది చూడు, బరువంతా మోసేది అదే. కోసి అతికించాలంటే ఆ పెట్టె లోపల పట్టీ పెట్టి అతకాలి. పట్టీ ఉంటే వేలితో కొట్టినప్పుడు అక్కడ మొద్దుగా పలుకుతుంది. తెలిసినవాడు ఇట్టే పట్టేస్తాడు."

"పెట్టలేదా?"

"అంచుకి అంచు కాల్చి అతికించాను. అతుకు మీద కండ లేస్తుంది కదా, దాన్ని కూడా రేకు మందానికి అరగదీశాను. చేత్తో తడిమినా తెలియకూడదని. పైన సీసం పోశాను. సీసానికి బలం ఉండదమ్మా, నునుపే. ఆయనతో చెప్పాను, అరవై దాటించొద్దు, గతుకుల్లో పోవద్దు అని. మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు. అప్పుడు హాస్టల్లో చదువుకుంటున్న కొడుక్కి మాత్రం, తర్వాత కూడా చెప్పుకోలేదు."

"మనం చెప్పాలి కదా."

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. ఒళ్ళో రెండు ఖాళీ సంచుల్లా పడి ఉన్నాయి. "ఈ చేతులు చేసిన మంచి పని అదొక్కటే అమ్మాయ్. అది కూడా తప్పయితే నేనేం మిగులుతాను? ముప్పై ఆరేళ్ళు పట్టుకుంది. పట్టుకోనీ."

సాయంత్రం మావారిని లోపలికి పిలిచి అంకె చూపించాను. అతుకు సంగతి మొత్తం చెప్పాను. ఆయన మోకాళ్ళ మీద కూచుని చాలాసేపు దాన్నే చూశారు.

"నాన్నకి ఈ మధ్య అన్నీ కలగాపులగంగా గుర్తుంటున్నాయి" అన్నారు.

"అంకెకి కూడా మతిమరుపేనా?"

"నెమ్మదిగా మాట్లాడు."

"ఆ పిల్ల మన ఇంట్లో టీ తాగి వెళ్ళిందండీ."

"ఇంతకాలం పట్టుకున్నది ఇంకొక్క రోజు పట్టుకోదా? ఒక్క రోజే కదా వాళ్ళు వెళ్ళేది." గొంతు తగ్గించారు. "నీకు తెలియదు. ఆ పత్రం మీద ఈ షెడ్డు పేరు ఉంటుంది. ఇలాంటి బళ్ళు మన గుమ్మంలోకి వస్తాయి. ఇరవై ఏళ్ళుగా వ్యాన్ల సొట్టలు తీస్తున్నాను నేను. సీసం మేస్త్రి కొడుకు సొట్టలు తీసుకుంటున్నాడని నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. నాన్న పోయేలోగా ఒక్క మంచి బండి ఈ షెడ్డు నుంచి తలెత్తుకుని వెళ్ళాలి. అంతే. రేపు నేనే డాక్టరు గారితో మెల్లిగా చెబుతాలే, నిదానంగా నడపమని."

చెప్పలేదు. మర్నాడు పొద్దున గిన్నెలు తోమబోతే సింకులో గోధుమరంగు గుడ్డ ఒకటి పిండి పెట్టి ఉంది. వాసన చూశాను. టీ డికాషను. షెడ్డులోకి వెళ్ళి సీటు అడుగు చెక్క చూశాను. 389 లేదు. గరుకు కాగితంతో రుద్ది, తెల్లబడిన చోట డికాషను పూసి, పాత రంగుకి తెచ్చారు. పని శుభ్రంగా ఉంది. తండ్రికి తగ్గ కొడుకే అనుకున్నాను. ఆ గుడ్డ ఉతికి ఆరేశాను. మూడు రోజులు డాక్టరు గారి ఫోను నంబరు చీటీ నా కొంగు ముడిలో ఉంది. చెయ్యలేదు. అత్తింటి పేరు, మొగుడి పేరు, చేతకాని ముసలాయన పేరు అనుకుంటూ మూడు రోజులు గడిపాను. ఆ మూడు రోజుల సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేను.

పద్దెనిమిదో తారీఖున సంఘం ఆయన వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మెడలో భూతద్దం వేలాడుతోంది. మావారు అప్పటికే ఆయనకి భూతద్దం గారని పేరు పెట్టేశారు. డాక్టరు గారూ, బుజ్జీ కూడా వచ్చారు. నాలుగు గంటలు చూశాడు. పడుకుని చూశాడు, పాకి చూశాడు. గడప పొడుగునా వేలి కణుపుతో కొట్టుకుంటూ చెవి పెట్టి విన్నాడు. అతుకు ఉన్నచోట కూడా కొట్టాడు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే పలుకు. కుర్చీలోంచి మామయ్య ఆ చప్పుడు వింటున్నారు. ప్రతి దెబ్బకీ ఆయన గడ్డం కాస్త పైకి లేచింది.

"డాక్టరు గారూ" అన్నాడు భూతద్దం గారు లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇంత కల్తీ లేని ఒళ్ళు నేను చూడలేదు."

మావారి కాళ్ళు భూమ్మీద లేవు. డాక్టరు గారు ఆయన భుజం తట్టారు. నేను మామయ్య వంక చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆ మొహం నిండుగా ఉంది. జీవితం మొత్తానికి రావలసిన మెచ్చుకోలు ఒక్కసారే అందినట్టుగా.

నోరు తెరిచింది నేనే. "ఒక్క మాట డాక్టరు గారూ. ఆ కారు ఒక కారు కాదు. రెండు."

మావారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఏంటి నువ్వు? లోపలికెళ్ళు."

నేను చెప్పేశాను. లారీ, వంతెన, అంకెలు, పట్టీ లేకపోవడం. నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినపడింది. భూతద్దం గారు వెనక సీటు ఎత్తి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు.

"ఏ అంకె లేదమ్మా ఇక్కడ."

"ఉండేది."

అందరూ మావారి వంక చూశారు. ఆయన నీళ్ళు నమిలారు. "నాన్న ఏవో పాత కబుర్లు చెబుతూ ఉంటాడు సార్. ఈవిడ అవన్నీ పట్టించుకుంటుంది. ఆయనకి ఈ మధ్య మతి స్థిమితం తప్పింది."

మామయ్య కళ్ళు తెరవలేదు. కన్నకొడుకు నలుగురిలో తనని మతి లేనివాడన్నా తెరవలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు గారు జాలిగా చూసి, "పర్లేదమ్మా, మీరు భయపడుతున్నారు, అంతే" అన్నారు. పత్రం మీద సంతకం పెట్టడానికి భూతద్దం గారు కలం తీశాడు.

బుజ్జి మామయ్య దగ్గరికి వెళ్ళింది. ఎందుకెళ్ళిందో తెలియదు. పెద్దాయన్ని అంత మాట అన్నారని ఏమో. కుర్చీ పక్కన గొంతుక్కూచుని, వేలాడుతున్న చేతుల్లో ఒకటి తన చేతిలోకి తీసుకుంది.

"తాతగారూ, ఎల్లుండి రాత్రికి కొండ మీదినుంచి మీకే మొదట ఫోన్ చేస్తాను. నూటనలభైలో ఎలా పోయిందో మీకే చెబుతాను. మా తాతయ్య ఎలాగూ చెప్పలేదు కదా."

"నూటనలభయ్యా?" అన్నారు మామయ్య.

"ఇంకా పోతుందట."

ఆయన కళ్ళు తెరిచారు. ఆ పిల్ల మొహం చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. "అమ్మాయ్, రంగు కాల్చే బ్లోలాంపు తీసుకురా."

"నాన్నా!" అన్నారు మావారు.

"నువ్వు నోరు ముయ్యరా. డాక్టరు గారూ, మీ నాన్నగారు అరవై ఎందుకు దాటించలేదో మీకు తెలుసా? నాకిచ్చిన మాట అది. ఇదే షెడ్డులో, నా చేతిలో చెయ్యి వేసి. ఎడమ గడప మీద, తలుపు వెనక అంచు నుంచి ముందుకి జానెడు కొలవండి. అక్కడ రంగు కాల్పించండి. నా మాట అబద్ధమైతే ఆ రంగు నేనే..." ఆగి, తన చేతులు చూసుకున్నారు. "మావాడు వేస్తాడు."

బహుశా డాక్టరు గారికి వాళ్ళ నాన్న వెనకాల మోగిన సైకిల్ బెల్లులు గుర్తొచ్చి ఉంటాయి. "కాల్చండి" అన్నారు.

మావారు గడపకి అడ్డంగా నిలబడ్డారు. ఎవరూ ఆయన్ని తోయలేదు. కాసేపటికి ఆయనే పక్కకి జరిగి, గోడవైపు తిరిగి నిలబడ్డారు. భూతద్దం గారు కార్పెట్లు తీయించి, నీళ్ళ బకెట్టు దగ్గర పెట్టించాడు. లాంపు మామయ్య పట్టుకోలేరు. నేనే ముక్కుకి గుడ్డ కట్టుకుని వెలిగించాను. జీవితమంతా మంట దగ్గరే నిలబడ్డదాన్ని, ఎంత పెట్టాలో ఎంత తగ్గించాలో నాకు తెలుసు. మామయ్య కుర్చీలోంచి చెప్పారు.

"దూరంగా పట్టు. ఆడిస్తూ ఉండు. ఒకచోట ఆపకు. ఆ, అలాగే. రంగు లేస్తుంది చూడు."

ఆకుపచ్చ రంగు పొక్కులు పొక్కులుగా లేచి, నల్లబడి, ఊడింది. కింద బూడిదరంగు లోహం. అది ముందు చెమట పట్టినట్టు మెరిసింది.

"మెరవగానే తుడిచెయ్. మందం గుడ్డతో."

తుడిచాను. సీసం కరిగి నేల మీద పడి, తళతళలాడే గింజలుగా చల్లారింది. దాని కింద రేకు బయటపడింది. రేకు మీద నిలువుగా, వెంట్రుక మందాన, గీత. గీతకి రెండు వైపులా ఎర్రటి తుప్పు.

"స్క్రూడ్రైవరు పెట్టి చూడండి" అన్నారు మామయ్య. "నొక్కక్కర్లేదు."

భూతద్దం గారు పెట్టాడు. రస్కులోకి దిగినట్టు దిగిపోయింది. తుప్పు పొడి జారి ఆయన బూటు మీద పడింది.

డాక్టరు గారు నేల మీద మోకాళ్ళూనారు. ఆ కన్నంలో వేలు పెట్టి లోపల తడిమారు. ఆయన రోజూ విరిగిన ఎముకలు కలిపే మనిషి. "లోపల ప్లేటు వెయ్యలేదా?" అన్నారు, ఎవరో చిన్న డాక్టరుని అడిగినట్టు.

"వెయ్యలేదు."

"ఎందుకని?"

"తెలిసిపోతుందని."

ఆయన వేలు తీసి చేతిగుడ్డకి తుడుచుకున్నారు. లేవడానికి కారుని పట్టుకోబోయి, మానుకున్నారు. బుజ్జి మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా వెళ్ళి, అక్కడ ఆగి వెనక్కి తిరిగారు.

"ఇలాంటివి ఇంకెన్ని చేశారు మేస్త్రీ?"

మళ్ళీ చెయ్యలేదని మామయ్య నాతో చెప్పిన మాట నాకు గుర్తుంది. ఇప్పుడు ఆయన కళ్ళతో లెక్కపెట్టుకుంటున్నారు. లోపల ఏదో ఒక్కొక్కటే గుర్తొస్తోంది. నేను లాంపు ఆర్పేశాను.

"మూడు" అన్నారు. "దీంతో కలిపి నాలుగు. ఇంత బాగా కుదరలేదు అవి."

ఆ కార్లు ఎవరివో ఆయనకి గుర్తులేదు. ఒకటి తెల్లది, ఒకటి ముదురు నీలం, ఒకటి ఎరుపు. ఎన్ని చేతులు మారాయో, ఎన్ని రంగులు మారాయో తెలియదు. ఎవరో ఎక్కడో వాటిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటూ ఉండాలి. భూతద్దం గారు పత్రం నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క వెనకవైపు ఆ మూడు రంగులూ రాసుకుని వెళ్ళాడు.

డాక్టరు గారు కారు కోసం మళ్ళీ రాలేదు. ఒక రోజు పెద్ద లారీ పంపించి తీసుకెళ్ళిపోయారు. మా షెడ్డుకి ఇప్పుడు వ్యాన్లు కూడా రావడం లేదు. మావారు వేరేచోట ఇనప గేట్లు అతికే పనికి వెళుతున్నారు. నాతో అవసరమైనంతే మాట్లాడతారు. వాళ్ళ నాన్నకి గడ్డం గీయడం మాత్రం మానలేదు. గీస్తున్నంతసేపూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

నాలుగు నెలల తర్వాత భూతద్దం గారు ఫోన్ చేశాడు. తెల్లది దొరికిందన్నాడు. దొరికింది కారు కాదు, దాని ఫోటో. పదకొండేళ్ళ కిందట, వాన పడుతున్న పెద్ద రోడ్డు మీద, ఎదురుగా ఏమీ లేకుండానే మధ్యకి విరిగింది. అప్పట్లో అంతా డ్రైవరుదే తప్పన్నారట. వేగంగా పోయాడని. ఆ ఫోటో పంపించాడు.

మామయ్య చూపించమన్నారు. వద్దన్నాను. చూపించమన్నారు. ఫోను ఆయన మొహం ముందు పట్టుకున్నాను. చాలాసేపు చూశారు.

"కాస్త పెద్దది చెయ్యి. గడప దగ్గర."

చేశాను.

"ఎంతమంది?" అని అడగలేదు. నేనూ చెప్పలేదు. పోయింది ముగ్గురు. "అతుకు దగ్గరే" అన్నారు. మళ్ళీ కాసేపటికి, "నునుపుగానే ఉంది చూడు, సీసం ఇంకా ఊడలేదు" అన్నారు. ఆ మాట అన్నాక తనే ఉలిక్కిపడి, మొహం అటు తిప్పుకున్నారు. ఆ పూట అన్నం ముద్ద నోటి దగ్గర పెడితే పళ్ళు బిగబట్టి నోరు తీయలేదు. మర్నాడూ తీయలేదు. మూడో రోజు మావారు బతిమాలితే గంజి తాగారు.

ముదురు నీలం కారూ, ఎర్ర కారూ ఇంకా తెలియలేదు. ఫోను ముందుగదిలో ఉంటుంది. అది మోగినప్పుడు మావారు చెయ్యి కడుక్కోవడానికి లేస్తారు, మామయ్య కళ్ళు మూసుకుంటారు. నేనే వెళ్ళి తీస్తాను.